నా పుట్టుమచ్చ ఏ పొరలో ఉంది?

కిందటేడు నా వీపు మీద పుట్టుమచ్చ ఒకటి రంగు మారుతోందని మా ఆవిడ కనిపెట్టింది. నా అంతట నేనైతే ఇంకో పదేళ్ళకి కూడా చూసుకునేవాణ్ణి కాదు, వీపు కదా. చర్మవైద్యుడు భూతద్దం పెట్టి చూసి, "ఏం కాదనే అనుకుంటున్నాను, కానీ తీసి పరీక్షకి పంపిద్దాం" అన్నాడు. ఆ "కానీ" తర్వాత రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. రాత్రి పూట ప్రొడక్షన్ రిలీజ్ పెట్టి, ఫోను తలగడ పక్కన పెట్టుకుని పడుకునే అలవాటున్నవాళ్ళకి ఆ పది రోజులు ఎలా గడుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. చివరికి వచ్చింది: జంక్షనల్ నీవస్, భయపడాల్సింది లేదు. అంటే పై చర్మానికీ లోపలి చర్మానికీ మధ్యనున్న సరిహద్దు దగ్గర రంగు కణాలు గుంపు కట్టాయి, అంతే.

సరిగ్గా అదే వారం మా టీములో సీనియర్ ఒకాయన వాట్సాప్‌లో ఒక పట్టిక పంపారు. మైక్రోస్కోపు పుట్టక ముందే మన సుశ్రుతుడు చర్మంలోని ఏడు పొరల్నీ చూశాడని పైన పెద్దక్షరాలు. కింద రెండు నిలువు గళ్ళు. ఎడమవైపు సుశ్రుతుడి ఏడు పేర్లు, కుడివైపు ఇప్పటి పుస్తకాల్లోని ఏడు పేర్లు. పై చర్మంలో స్ట్రాటమ్ కార్నియమ్ మొదలుకుని అయిదు, లోపలి చర్మంలో పాపిల్లరీ, రెటిక్యులర్ అని రెండు. 5+2=7. లెక్క భేషుగ్గా ఉంది.

మామూలుగా అయితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఈసారి చేతిలో రిపోర్టుంది. టెస్ట్ కేసు చేతిలో పెట్టుకుని రన్ చేయకుండా ఉండడం మనవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. సుశ్రుతుడు పుట్టుమచ్చని ఏ పొరలో పెట్టాడు? ఆ పట్టిక ప్రకారం అది ఇప్పటి ఏ పొర అవుతుంది? నా పాథాలజిస్టు చెప్పినదానితో సరిపోతుందా లేదా?

సుశ్రుత సంహితలో శారీరస్థానం అని ఒక భాగం ఉంది. దాని నాలుగో అధ్యాయంలో చర్మం గురించి చెప్తాడు. కాగుతున్న పాల మీద మీగడ కట్టినట్టు పిండం మీద ఏడు త్వచలు ఏర్పడతాయట. పైనుంచి లోపలికి అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర. ఒక్కొక్కదానికి మందం కూడా ఇచ్చాడు, వడ్లగింజ కొలతలో. మొదటిది గింజలో 18వ వంతు, తర్వాత 16, 12, 8, 5వ వంతులు, ఆరోది ఒక గింజ మందం, ఏడోది రెండు గింజలు. అంతటితో ఆగకుండా ఏ జబ్బు ఏ పొరలో కాపురం ఉంటుందో కూడా రాశాడు. ఫార్వర్డుల్లో ఎప్పుడూ కనపడనిది ఇదే, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిందీ ఇదే. మొదటి పొరలో సిధ్మం. రెండో పొరలో తిలకాలకం, న్యచ్ఛం, వ్యంగం, అంటే మచ్చల జాతి. మూడో దాంట్లో మషకం వగైరా. నాలుగు, అయిదుల్లో కిలాసం, కుష్ఠం, విసర్పం. ఆరో పొరలో గ్రంథులు, అర్బుదాలు, బోదకాలు, గళగండం. ఏడోదాంట్లో భగందరం, పెద్ద చీముగడ్డలు, మొలలు.

తిలకాలకం అంటే నువ్వుగింజంత నల్లమచ్చ, చర్మానికి సమంగా ఉంటుంది, నొప్పి ఉండదు. నా మచ్చ అచ్చంగా అదే. సుశ్రుతుడి ప్రకారం రెండో పొర, లోహిత. పట్టికలో లోహితకి ఎదురుగా ఏముందో చూస్తే స్ట్రాటమ్ లూసిడమ్!

ఈ లూసిడమ్ అనే పొర స్పష్టంగా కనపడేది అరచేతుల్లో, అరికాళ్ళలో, అంటే చర్మం దళసరిగా ఉండేచోట. వీపు మీద ఉండదు. లేని పొరలో మచ్చ ఎలా వస్తుంది? పోనీ అరచేతిలోని మచ్చే అనుకుందాం. లూసిడమ్‌లో ఉండేవి చచ్చిపోయిన కణాలు. రంగునిచ్చే కణాలు ఉండేది పై చర్మం అట్టడుగు వరసలో, అంటే పట్టిక ప్రకారం అయిదో పొరలో. మొదటి టెస్ట్ కేసుకే పట్టిక ఫెయిల్.

ఇంకో రెండు కేసులు వేసి చూశాను. బోదకాలు చర్మం లోపలి రెండు పొరల మధ్య వచ్చే జబ్బా? కాదు, లింఫు నాళాల జబ్బు, తొడ దాకా మొత్తం పట్టేస్తుంది. గళగండం? అది థైరాయిడ్ వాపు, చర్మంతో దానికి సంబంధమే లేదు. మొలలు, భగందరం సంగతి చెప్పక్కర్లేదు. అంటే సుశ్రుతుడి ఆరో, ఏడో పొరలు మనం చర్మం అనుకునేదాంట్లో లేనే లేవు. చర్మం కిందున్న కొవ్వు, దాని కిందున్న పొరలు, కండ మొదలయ్యేదాకా ఉన్నదంతా ఆయన లెక్కలో త్వచే. పేరు కూడా మాంసధర, కండని పట్టి ఉంచేది.

కొలతలూ అదే చెప్తున్నాయి. ఏడు భాగాలూ కూడితే సుమారు మూడున్నర వడ్లగింజలు. వడ్లగింజ వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు వేసుకుంటే మొత్తం 7 నుంచి 10 మిల్లీమీటర్లు. చర్మం ఒక్కటే అంత మందం ఉండదు, కింది కొవ్వుని కూడా కలుపుకుంటే సరిపోతుంది. పట్టికలు చేసేవాళ్ళు గింజని ఒక మిల్లీమీటరు అనుకుని మొదటి పొరని 0.05 మిల్లీమీటరుకి తెస్తారు. సోనామసూరి గింజైనా అంతకంటే లావుంటుంది! పైగా ఆ 18వ వంతు అన్న మాటని 20 భాగాల్లో 18 అని చదివేవాళ్ళూ ఉన్నారు, అలా చదివితే లెక్క మొత్తం తలకిందులు. మనిషి కంటికి విడిగా కనపడే అతి సన్నని గీత ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు. గింజలో 18వ వంతు దాని అంచున ఉంటుంది. దాన్ని కొలిచి చెప్పాడనడం కంటే అంచనా వేసి చెప్పాడనడం నయం.

ఈ కొలతలు కండపట్టిన చోట్లకే వర్తిస్తాయి, నుదురుకీ సన్నని వేళ్ళకీ కాదు అని కూడా అక్కడే రాసిపెట్టాడు. ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ పనిచేయదో డాక్యుమెంటేషన్‌లో రాసేవాళ్ళు ఇప్పుడే అరుదు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది ఈ వాక్యం దగ్గరే, పట్టిక దగ్గర కాదు.

సరే, పట్టిక తప్పు. అంతటితో సుశ్రుతుడూ తప్పేనా? నేనూ మొదట అలాగే అనుకుని పక్కన పెట్టేశాను. రెండ్రోజుల తర్వాత ఒక విషయం తట్టింది.

తిలకాలకం రెండో పొరలో ఉంది. మషకం మూడో పొరలో ఉంది. మషకం అంటే మినపగింజలా నల్లగా, గట్టిగా, ఉబ్బెత్తుగా ఉండేది (మాషం అంటే మినుము). అంటే చదునుగా ఉన్న మచ్చ పైన, ఉబ్బిన మచ్చ దానికంటే లోతున అంటున్నాడు. ఇప్పటి పాథాలజీ ఏమంటుంది? చదునుగా ఉండేవి ఎక్కువగా జంక్షనల్, కణాలు సరిహద్దు దగ్గరే ఉంటాయి. ఉబ్బెత్తువి ఎక్కువగా ఇంట్రాడెర్మల్, కణాలు లోపలి చర్మంలోకి దిగి ఉంటాయి. వరస సరిపోయింది! మొత్తం జాబితా అలాగే చూడండి. పొడలాంటి జబ్బులు అన్నిటికంటే పైన, ఆ తర్వాత మచ్చలు, ఆ కింద కుష్ఠం లాంటివి, ఇంకా కింద గడ్డలూ వాపులూ, అట్టడుగున చీముగడ్డలూ భగందరాలూ. ఇండెక్స్ తప్పు కావచ్చు, ఆర్డర్ మాత్రం చాలావరకు సరైనదే.

కంటితో చూసి ఇది ఎలా తెలుస్తుంది? కోసేవాడికి తెలుస్తుంది. సుశ్రుతుడిది శల్యతంత్రం, ఆయన శస్త్రవైద్యుడు. ఇలాంటి మచ్చల్ని కోసి తీసేసి ఆ చోటుని క్షారంతోనో నిప్పుతోనో కాల్చమని చికిత్స రాశాడు. ఎంత లోతు గీరితే పోతుంది, ఎంత లోతు తీయకపోతే మళ్ళీ మొలుస్తుంది అన్నది అలా చేసిచేసిన చేతికి అర్థమవుతుంది. ఆ ఏడు పొరలు మైక్రోస్కోపు కింది పొరలు కావు, కత్తి దిగే లోతులు.

ఇలాంటి లోతుల పట్టిక ఆధునిక వైద్యంలోనూ ఉంది. 1969లో వాలెస్ క్లార్క్ అనే అమెరికన్ పాథాలజిస్టు మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి అయిదు అంతస్తులు పెట్టాడు. పై చర్మంలోనే ఉంటే ఒకటి, కింది కొవ్వు దాకా దిగితే అయిదు. అంతస్తు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మరుసటేడే అలెగ్జాండర్ బ్రెస్లో అనే ఆయన ఈ అంతస్తులన్నీ ఎందుకు, మిల్లీమీటర్లలో మందం కొలవండి చాలు అన్నాడు. నలభై ఏళ్ళు రెండు పద్ధతులనీ రోగుల మీద సరిచూసుకుంటూ వచ్చారు. బ్రెస్లో కొలతే మెరుగని తేలింది. 2010 ప్రాంతాల నుంచి దశలు నిర్ణయించే లెక్కలోంచి క్లార్క్ అంతస్తుల్ని తప్పిస్తూ వచ్చారు. క్లార్క్‌కి అవమానమేం జరగలేదు, ఆయన పేరు ఇప్పటికీ గౌరవంగానే చెప్పుకుంటారు. సుశ్రుతుడి పట్టికని ఇలా సరిచూసే నలభై ఏళ్ళు మనకి ఎప్పుడు దొరికాయన్నదే ప్రశ్న.

దానికి ముందు, ఆయన ఎలా చూశాడో చెప్పాలి. శారీరస్థానం అయిదో అధ్యాయంలో పద్ధతి ఉంది. శవం అన్ని అవయవాలతో ఉండాలి. విషంతో పోయినవాడిదీ, దీర్ఘరోగంతో పోయినవాడిదీ, నూరేళ్ళ ముసలివాడిదీ పనికిరాదు. పేగుల్లో మలం తీసేయాలి. ముంజగడ్డి, నార, దర్భ, జనుము లాంటివాటితో చుట్టి, ఒక పంజరంలో పెట్టి, వడి లేని నీళ్ళలో, ఎవరికీ కనపడని చోట ఉంచాలి. ఏడు రాత్రులకి బాగా కుళ్ళాక బయటికి తీసి, వట్టివేళ్ళు, వెంట్రుకలు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకుని లోపలిదాకా ఒక్కొక్కటే కళ్ళతో చూడాలి. శాస్త్రం చదివిందీ కంటితో చూసిందీ రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందని కూడా అక్కడే ఉంది.

భోజనం ముందు చదవకండి కానీ, ఈ పద్ధతిని కాస్త ఆలోచించండి. కుళ్ళిన శరీరంలో మొదట ఊడొచ్చేది పై చర్మం. లోపలి చర్మం నుంచి చేతి తొడుగులా జారిపోతుందని ఇప్పటి ఫోరెన్సిక్ పుస్తకాలు చెప్తాయి. అంటే కుంచెతో రుద్దినవాడికి కనపడే మొట్టమొదటి సరిహద్దు పై చర్మానికీ లోపలి చర్మానికీ మధ్యది. నా మచ్చ ఉన్న జంక్షన్ అదే! పొరల పేర్లలో కొన్ని రంగులని గమనించారా? లోహిత ఎరుపు, శ్వేత తెలుపు, తామ్ర రాగిరంగు. ఇవి మామూలు కంటికి కనపడే రంగులు. కణాలకి సొంతంగా ఇలాంటి రంగులుండవు. స్లైడు మీద కనపడే ఊదా, గులాబీ రంగులు మనం అద్దినవి, హెమటాక్సిలిన్, ఇయోసిన్. హెమటాక్సిలిన్ మధ్య అమెరికా చెట్టు మాను నుంచి వచ్చే రంగు, బట్టలకి అద్దేవాళ్ళ దగ్గర్నుంచి వైద్యులు అరువు తెచ్చుకున్నది. 19వ శతాబ్దపు రెండో సగంలో ఈ అద్దకం మొదలయ్యాకే పొరలు విడివిడిగా చక్కగా కనపడ్డాయి.

కుళ్ళబెట్టి చూసే పద్ధతికి దాని లాభనష్టాలు దానికున్నాయి. మెదడు, కాలేయం లాంటి మెత్తనివి ముందే పాడైపోతాయి. ఎముకలు, కీళ్ళు, వాటిని కట్టి ఉంచే స్నాయువులు గట్టివి కాబట్టి మిగుల్తాయి. సుశ్రుతుడు బలంగా ఉన్నదీ అక్కడే, తడబడినదీ మెత్తనివాటి దగ్గరే. సిర, ధమని, స్నాయువు అన్న మాటల్లో రక్తనాళం ఎక్కడ ఆగి నరం ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ పండితులు తేల్చుకోలేరు. ఎముకలు మాత్రం చూడండి. వేదం చెప్పేవాళ్ళు 360 అంటారు, శల్యతంత్రంలో మాత్రం 300 అని నిర్మొహమాటంగా రాశాడు. కాళ్ళూ చేతుల్లో 120, మొండెంలో 117, మెడ నుంచి పైకి 63. ఇప్పటి లెక్క 206. పుట్టిన బిడ్డకి దాదాపు 300 ఎముకలుంటాయి కాబట్టి సుశ్రుతుడిదే కరెక్టని కూడా ఫార్వర్డులున్నాయి. ఆ 300లో 32 పళ్ళున్నాయండీ! పుట్టిన బిడ్డకి 32 పళ్ళుండవు. ఆయన పళ్ళనీ, తరుణాస్థి అనే మృదులాస్థులనీ కూడా ఎముకల్లో లెక్కేశాడు. నిర్వచనం వేరు, కాబట్టి మొత్తం వేరు. రుడాల్ఫ్ హోర్న్‌లే అనే పండితుడు 1907లో ఈ జాబితాల మీద ఒక పుస్తకమే రాశాడు. చరక, సుశ్రుత, వాగ్భటుల లెక్కల్ని ఎముక ఎముకకీ సరిచూసి, లెక్కపెట్టిన పద్ధతి అర్థమైతే అందులో నిజంగా చూసి రాసింది ఎంతుందో చూపించాడు.

చర్మం తర్వాత కళలు వస్తాయి. కళ అంటే ఇక్కడ ధాతువుకీ అది ఉండే ఆశయానికీ మధ్య సరిహద్దుగా ఉండే పొర. ఇవీ ఏడే. కీళ్ళలో ఉండేది శ్లేష్మధర కళ. ఇరుసుకి కందెన రాస్తే బండిచక్రం ఎలా హాయిగా తిరుగుతుందో అలా కీళ్ళు తిరుగుతాయంటాడు. సైనోవియల్ పొర గురించి పదో తరగతి పిల్లలకి ఇప్పుడు చెప్పాలన్నా ఇంతకంటే మంచి పోలిక దొరకదు. మేదోధర కళ దగ్గర ఇంకో మాట ఉంది. పెద్ద ఎముకల లోపల మజ్జ ఉంటుందట, మిగతావాటిలో రక్తంతో కూడిన కొవ్వు ఉంటుందట. పెద్దవాళ్ళలో పొడుగు ఎముకల నడిమి భాగంలో పసుపు మూలుగు, చదునైన చిన్న ఎముకల్లో ఎర్ర మూలుగు ఉంటుందని ఇప్పుడు మనకి తెలుసు. కళ్ళు పెట్టి చూసినవాడు తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం అది. పట్టికలో పెట్టి గొప్పలు చెప్పుకోదలిస్తే దీన్ని పెట్టొచ్చు, కానీ ఇప్పటిదాకా ఏ ఫార్వర్డులోనూ నాకు కనపడలేదు.

ఇప్పుడు పారిస్‌కి వెళ్దాం, ఎందుకంటే "టిష్యూ" అన్న ఆలోచన వైద్యంలో నిలబడింది అక్కడ. జేవియర్ బిషా అని ఒక కుర్ర డాక్టరు, 1801లో "అనాటమీ జనరాల్" అనే పుస్తకం వేశాడు. జబ్బు వచ్చేది అవయవానికి కాదు, ఆ అవయవం దేనితో నేశారో ఆ నేతకి అన్నాడు. ఫ్రెంచిలో టిస్సు అంటే నేసిన గుడ్డ. గుండె చుట్టూ ఉన్న పొరా, ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరా ఒకే రకం నేత అయితే రెండిటికీ ఒకే రకం జబ్బులొస్తాయి. అలా ఆయన శరీరం మొత్తాన్ని 21 రకాల నేతలుగా విడదీశాడు. తమాషా ఏమిటంటే ఆయనకి మైక్రోస్కోపు మీద నమ్మకం లేదు! అప్పటి మైక్రోస్కోపుల్లో ఎవరికి తోచింది వాళ్ళకి కనపడుతుందని దాన్ని దూరం పెట్టాడు. మరి ఎలా చేశాడు? శవభాగాల్ని ఎండబెట్టాడు, ఉడకబెట్టాడు, ఆమ్లాల్లో వేశాడు, నీళ్ళలో నానబెట్టి కుళ్ళబెట్టాడు. ఏది ముందు కరుగుతుంది, ఏది గట్టిగా నిలుస్తుంది అన్నదాన్ని బట్టి రకాలు చేశాడు.

ఏడు రాత్రుల పంజరం గుర్తొచ్చిందా? సుశ్రుతుణ్ణి ఎవరితోనైనా పోల్చాలంటే మైక్రోస్కోపువాళ్ళతో కాదు, ఈ బిషాతో పోల్చాలి. ఇద్దరిదీ మామూలు కన్నే, ఇద్దరిదీ కుళ్ళబెట్టే విద్యే, ఇద్దరూ జబ్బుకీ పొరకీ లంకె వేశారు. బిషా 1802లో, 30 ఏళ్ళకే పోయాడు. ఆ తర్వాతి యాభై ఏళ్ళలో ఆయన 21 నేతలు ఏమయ్యాయి? కటకాలు మెరుగయ్యాయి. 1839లో ష్వాన్ జంతు శరీరమంతా కణాలేనన్నాడు. 1858లో విర్షో జబ్బుని నేతలోంచి కణంలోకి దింపాడు. 21 కాస్తా కరిగికరిగి ఇప్పుడు మన పిల్లల పుస్తకాల్లో ఉన్న నాలుగు రకాలయ్యాయి. అన్నట్టు, మన తెలుగు మాట "కణజాలం" చూడండి. కణం అందులోనే ఉంది. ధాతువులోనూ లేదు, టిస్సులోనూ లేదు. కణ సిద్ధాంతం వచ్చాక తప్ప పుట్టలేని మాట అది. ధాతువుని కణజాలం అని అనువదించగానే రెండువేల ఏళ్ళ తేడా కళ్ళముందే మాయమైపోతుంది.

ధాతువులు నిజానికి వేరే కథ. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం. జాబితాగా చూస్తే కణజాలాల్లాగే ఉంటాయి. కానీ ఇది జాబితా కాదు, పైప్‌లైన్. తిన్న అన్నం రసమవుతుంది, రసం రక్తమవుతుంది, అలా ఒక్కో మెట్టూ దిగి చివరికి శుక్రం. ఒక్కో ధాతువులో 3015 కళల కాలం (కళ ఇక్కడ కాలం కొలత, పై కళ కాదు) ఉంటుందనీ, మొత్తానికి నెలరోజులు పడుతుందనీ సుశ్రుతుడు లెక్క కూడా కట్టాడు. ఈ మార్పు ఎలా జరుగుతుందన్న దాని మీద తర్వాతి వ్యాఖ్యాతలు మూడు న్యాయాలు పెట్టుకుని వాదించుకున్నారు. పాలు పెరుగైనట్టు మొత్తం మారిపోతుందా? కాలువ నీళ్ళు ఒక మడి తడిసాక ఇంకో మడికి పారినట్టు పారుతుందా? లేక కళ్ళంలో గింజల కోసం వాలిన పావురాలు ఎవరి దారిన వాళ్ళు ఎగిరిపోయినట్టు దేని వాటా దానికి నేరుగా పోతుందా? కాలువ చివరి భూముల రైతుకి నీళ్ళెప్పుడు అందుతాయో తెలిసిన మనకి రెండోది బాగా పట్టుబడుతుంది. మూడూ మంచి ఊహలే. ఏది నిజమో తేల్చే ప్రయోగం మాత్రం ఎవరూ చేయలేదు. మూడూ పక్కపక్కనే పుస్తకంలో ఉండిపోయాయి.

ఇప్పటి లెక్కలో ఈ పైప్‌లైన్ నిలవదు. పెద్దవాళ్ళలో రక్తకణాలు పుట్టేదే ఎముక మూలుగులో. అంటే ఆరో మెట్టు నుంచి రెండో మెట్టుకి వెళ్తోంది దారి. అసలు ఈ మెట్లవరసలో శుక్రాన్ని చిట్టచివర, అన్నిటి సారంగా పెట్టడం వల్ల జరిగింది ఉత్త సిద్ధాంత నష్టం కాదు. రైలు పట్టాల పక్క గోడల మీద ధాతుపుష్టి, ధాతునష్టం అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన ప్రకటనలు చూస్తూ పెరిగాం మనమంతా. హాస్టల్ రోజుల్లో ఆ గోడలు చదివి నిజంగా చిక్కిపోతున్నానని కుమిలిపోయిన కుర్రాడొకడు నా పక్క గదిలోనే ఉండేవాడు. నెలరోజుల తిండి సారం పోతోందని లెక్కలేసుకునేవాడు పాపం. 1960లో నరేంద్ర విగ్ అనే మనోవైద్యుడు ఈ భయానికి ఏకంగా ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టాల్సి వచ్చింది. ధాతువంటే కణజాలమే, మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసు అనేవాళ్ళు ఈ గోడల సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

మరి సుశ్రుతుడి తర్వాత ఏమైంది? కంటితో చూడమన్న పుస్తకాన్ని కంఠతా పట్టేవాళ్ళు మిగిలారు, పంజరం కట్టేవాళ్ళు మిగల్లేదు. శవాన్ని ముట్టుకుంటే మైల అన్న సమాజంలో ఆశ్చర్యమేమీ లేదు. పుస్తకం కూడా స్థిరంగా లేదు. ఉత్తరతంత్రం తర్వాత చేరింది. ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో చెప్పే కమిట్ లాగ్ లేదు. తేదీ ఉన్న పాత తాళపత్ర ప్రతి ఒకటి నేపాల్‌లో ఉంది, అది 878వ సంవత్సరానిది. అప్పటికే ఎన్ని చేతులు మారిందో. ఇది మనకే పట్టిన జబ్బని కాదు లెండి. యూరప్‌లో గేలెన్ కోతుల్నీ పందుల్నీ కోసి రాసినదాన్ని 1300 ఏళ్ళు మనుషుల శరీరశాస్త్రంగా చదివారు. మనిషి కింది దవడ రెండు ఎముకలని గేలెన్ రాస్తే, శవం కళ్ళెదురుగా పెట్టుకుని కూడా రెండనే చెప్పుకున్నారు. 1543లో వెసాలియస్ ఒకటేనని పుస్తకం వేసేదాకా అదే పాఠం.

మనకి ఆ మలుపు 1836లో వచ్చింది. 1835లో పెట్టిన కలకత్తా మెడికల్ కాలేజీలో, మరుసటేడు మధుసూదన్ గుప్తా కత్తి పట్టుకుని మనిషి శవాన్ని కోశాడు. ఆధునిక కాలంలో అలా చేసిన మొదటి భారతీయుడిగా ఆయన్ని చెప్తారు. నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. ఆయన వైద్య కులంలో పుట్టిన పండితుడు, సంస్కృత కాలేజీలో ఆయుర్వేదం చెప్పినవాడు. 1835-36లో కలకత్తాలో సుశ్రుత సంహిత మొట్టమొదటిసారి అచ్చయితే, ఆ అచ్చుప్రతికి సంపాదకుడు ఈయనే! ఒక బల్ల మీద సుశ్రుతుడి ప్రూఫులు, ఇంకో బల్ల మీద శవం. చదివిందీ చూసిందీ కలవాలన్న ఆ అయిదో అధ్యాయపు మాటని అచ్చులో సరిదిద్దిన చేతులే దాన్ని నిజంగా పాటించాయి.

ఆయన దారిలోనే కలకత్తాలో గణనాథ్ సేన్ 1910ల్లో "ప్రత్యక్ష శారీరం" అని సంస్కృతంలో కొత్త శరీరశాస్త్రం రాశాడు. పాత శారీర భాగాలు చెడిపోయాయి, శవం చూసి మళ్ళీ రాయాలన్నది ఆయన వాదం. ఆయుర్వేద పండితుడే ఆ మాట అన్నాడు, బయటివాళ్ళు కాదు. ఇప్పుడు బీఏఎంఎస్ మొదటి ఏడాది పిల్లలు కూడా డిసెక్షన్ హాల్లో శవం ముందు నిలబడే నేర్చుకుంటున్నారు.

ఇదంతా కాస్త కుదించి మా సీనియర్ గారికి రాశాను, లూసిడమ్ సంగతితో సహా. "అయితే సుశ్రుతుడు తప్పంటావా?" అని గంటలో జవాబొచ్చింది, కొంచెం కోపంగానే. కాదండీ, తిలకాలకం పైన, మషకం లోతున అన్న వరస ఆయన సరిగ్గా పట్టుకున్నాడు, తప్పల్లా పట్టికది అని మళ్ళీ రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, ఉలుకూ పలుకూ లేదు. బాధపెట్టానేమో అనుకున్నాను.

ఆ రాత్రి ఫోన్ చేశారు. "ఏమయ్యా, నా మెడ మీద మినపగింజంత ఉంది చూశావా, అది చిన్నప్పటినుంచీ ఉన్నదే. ఈ మధ్య షేవింగ్ చేసుకుంటుంటే తగిలి రక్తం వస్తోంది. నీకు చేసిన డాక్టరు ఎవరు?" అన్నారు. నంబరు పంపించాను.